అంజిలయ్య నీడ, సింధుజ ఫోను

పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు బీరమ్మ నడిమధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలేసి ఊడుస్తుంది. అక్కడ ఆమె పెనిమిటి అంజిలయ్య నీడ పండుకొని ఉంటుంది. అంజిలయ్య అప్పటికే గొర్లను తోలుకొని ఊరు దాటి ఉంటాడు. నీడ మాత్రం తనకు బుద్ధి పుట్టినప్పుడు లేచి, గోడల మీద పాకుకుంటూ, ఆయన పోయిన దారినే పోతుంది.

"జర జరుగు, సాన్పు చల్లాలె" అంటుంది బీరమ్మ.

అది జరగదు. ఆ ఇంట్లో మగవాళ్లకు చెబితే జరిగే అలవాటు లేదు.

ఒకప్పుడు ఆ నీడ అందరి నీడల్లాగే కాళ్లకు అంటుకొని తిరిగేది. కిందటేడు రాతిగని దగ్గర దాయాది మల్లేశ్వర్ దుడ్డుకర్ర ఎత్తి అంజిలయ్య నెత్తిన దించిన నాటి నుంచి వెనకబడింది. వికారాబాద్ దవాఖానలో నెత్తికి కుట్లు వేసి పంపారు. నీడ సంగతి డాక్టరును ఎవరూ అడగలేదు. అడిగితే దానికి కూడా స్కానింగు రాస్తాడని బీరమ్మ భయం. ఊరికి అలవాటైపోయింది. ఎండ నడినెత్తిన ఉండి అందరి నీడలూ పాదాల కింద ముడుచుకున్న వేళ, అంజిలయ్య పొద్దుటి పొడుగు నీడ ఒక్కటే బాట వెంబడి పోతూ కనబడితే, "అంజిలయ్య ముందుగాల్నే పోయిండు" అనుకొని ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. ఆయన ఎక్కడ ఆగితే అదీ అక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగుతుంది. కాకపోతే ఆలస్యంగా.

దానితో ఇబ్బంది ఒక్కటే. దాని మీద ఎవరైనా నిలబడి ఉన్నప్పుడు లేచిందంటే, కాళ్ల కింది చాప లాగినట్టే. పక్కింటి శ్యామల ఒకసారి బిందెతో సహా బోర్లా పడి ముందరి పన్ను పోగొట్టుకుంది. పన్ను పోయినా శ్యామల మాట ఆగలేదు. ఆ సందులోంచి ఇంకా తొందరగా వస్తున్నది.

మా ఊరు నల్లబండ బషీరాబాద్ మండలంలో ఉంది. ఊరి పక్కన నాపరాయి తీసి తీసి వదిలేసిన గని ఒకటుంది. ఒక వైపు నిటారుగా కోసిన రాతి గోడ, దాని కిందుగా వెనకటికి లారీలు దిగిన బాట, ఆవలి చివరన నిలవ నీళ్లు. ఎండాకాలంలో చుట్టుపక్కల ఇంకెక్కడా గొర్లకు నీళ్లుండవు. అందుకని ఎండాకాలం రాగానే మా ఊళ్లో ముందు మామిడికాయలు రాలుతాయి, ఆ వెనకే తలకాయలు పగులుతాయి.

అంజిలయ్య, మల్లేశ్వర్ ఒక్క తాత మనవలు. ఎవరి మంద ముందు తాగాలన్నది వాళ్ల నాయనల కాలం నుంచి తేలలేదు. వాళ్ల నాయనలు కర్రలతోనే సరిపెట్టుకున్నారు. వీళ్లు అభివృద్ధి చెందారు. ఒక ఎండాకాలం మల్లేశ్వర్ గొడ్డలి గురి తప్పి తన కుడికాలి బొటనవేలినే తీసేసింది. ఇంకో ఎండాకాలం అంజిలయ్య దోటి, అదే చెట్టుకొమ్మలు దించడానికి పొడుగు కర్రకు కట్టిన కొడవలి, మల్లేశ్వర్ ఎడమ చెవిని దించింది. చెవి పోయిన నాడే మల్లేశ్వర్ ఒట్టేసుకున్నాడు, అన్నను బొందలో పండబెట్టిందాకా గడ్డం గీయించనని. దుడ్డుకర్రతో నెత్తి పగలగొట్టినా అంజిలయ్య బతికి రావడంతో గడ్డం ఇంకో ఏడు పెరిగింది. ఈ మధ్య ఆయన మందలోకి పోతే గొర్రెపిల్లలు తల్లి అనుకొని వెంటపడుతున్నాయి.

నెత్తి దెబ్బ తర్వాత అంజిలయ్యకు అప్పుడప్పుడు కండ్లు తిరిగి, ఉన్నచోటే పడిపోవడం మొదలైంది. ఒకసారి కందిచేనులో పొద్దుమూకే దాకా పడి ఉంటే కుక్క మొరిగితే తెలిసింది. అందుకని ఆయన బిడ్డ సింధుజ ఆయన చేతికి ఒక ఫోను ఇచ్చింది.

సింధుజ వికారాబాద్‌లో పాలిటెక్నిక్ చదివి, తాండూరు బస్టాండు దగ్గర యోబు సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో పని చేస్తుంది. తుక్కు కింద పోవాల్సిన ఫోనును తీసుకొని, అందులో ఉన్నదంతా తుడిచేసి, లైనక్సు ఎక్కించింది. ఎవరెక్కడ తిరుగుతున్నారో కంపెనీలకు చెప్పే ఫోన్లు ఆమెకు గిట్టవు. తన ఫోను తన మాటే వింటుందని, నాయన ఎక్కడుంటే అక్కడ పటం మీద చుక్క పెడుతుందని చెప్పింది. బీరమ్మకు పటం చూడరాదు కాబట్టి ఆ చుక్కను శ్యామల ఫోన్లో కనబడేట్టు పెట్టింది. శ్యామలకు చూపించడమంటే ఊళ్లో దండోరా వేయించడమని పాలిటెక్నిక్‌లో చెప్పరు.

ఆ చుక్క ఎప్పుడు చూసినా ఆలస్యమే. అంజిలయ్య గని దగ్గరుంటే చుక్క వాకిట్లో ఉండేది. పొద్దూకి ఆయన ఇల్లు చేరాక చుక్క ఆయన పగలు బువ్వ తిన్న చోటికి బయలుదేరేది.

"కరెక్టే చూపిస్తున్నది గద" అంది బీరమ్మ. "నీడ ఇంక ఇంట్లనే ఉన్నది."

ఊళ్లో అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు మల్లేశ్వర్. కొడుకు పరమేశ్‌ను వెంటబెట్టుకొని, చుక్క చూపించిన చోటికల్లా గొడ్డలితో పోయి పొంచి కూర్చునేవాడు. తుమ్మల వాగులో ఒకనాడు పొద్దంతా కాచి, అలికిడి కాగానే ఎగబడి, కరెంటు లైన్‌మన్ భుజం ఎముక విరగ్గొట్టారు. లైన్‌మన్ దవాఖాన నుంచి వచ్చేదాకా ఊళ్లో కరెంటు లేదు. ఇంకోనాడు కందిచేనులో గొంగడి కప్పుకొని కూర్చున్న మనిషిని వెనక నుంచి కొట్టి, తిప్పి చూస్తే సొంత బావమరిది. ఆయన ఇప్పటికీ ఒక పక్కకు వంగి నడుస్తాడు. చెల్లెల్ని ఇచ్చిన సంబంధానికి ఇదేమి మర్యాద అని మాత్రం అడుగుతుంటాడు.

చివరికి మల్లేశ్వర్‌కు ఓపిక నశించింది. బస్సెక్కి తాండూరు పోయి యోబు దుకాణం ముందర నిలబడ్డాడు.

"బిడ్డా సింధూ, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న చిన్నాయనా. ఏం గావాలె?"

"నాకేం వద్దు. మీ నాయన ఫోన్ జర చూడరాదు? ఎప్పుడు జూసినా ఇంట్లనే ఉన్నట్టు చూపిస్తది. మేం తిరిగి తిరిగి చెప్పులరుగుతున్నయి."

"మా నాయనతోని నీకేం పని?"

మల్లేశ్వర్ గడ్డం గోక్కున్నాడు. "అన్నతోని తమ్మునికి పనుండదా?"

యోబు టంకం పెట్టే పని ఆపి తలెత్తాడు. "పనుంటే ఉండనియ్ పెద్దమనిషీ, ఆ గొడ్డలి జర అవతల పెట్టు. అద్దాలకు తాకుతది."

మల్లేశ్వర్ నొచ్చుకొని గొడ్డలిని రెండో భుజానికి మార్చుకున్నాడు. "మా పరమేశ్ ఫోన్ జూడు, ఎక్కడున్నమో రెప్పపాటుల చెప్తది. నువ్వు ఇంత సదివి నాయనకు గిసొంటి ఫోన్ ఇస్తివి. ఊర్ల నవ్వుతున్నరు బిడ్డా. నాకే సిగ్గయితున్నది."

ఆయన పోయాక సింధుజ ముందరున్న విప్పిన ఫోన్లన్నీ పక్కకు జరిపింది. చిన్నాయన తన నాయనను చంపుతానని తిరగడం ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. తన ఫోనుకు వంక పెట్టిన మాట మాత్రం కొత్తది.

"ఆయన గొడ్డలి పట్టుకొని వచ్చి అడిగిండు చెల్లె" అన్నాడు యోబు. "గది బాగు చేస్తవా?"

"చిన్నాయన కోసం కాదు యోబన్నా. నాయన పడిపోతే ఎట్ల తెలుస్తది?"

ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం రోషం. ఆ రోషం అంజిలయ్య నెత్తుటిలోనిదే, కర్రకు బదులు కీబోర్డు పట్టుకుంది.

ఆదివారం ఆమె ఇంటికి వచ్చి ఫోను ముందేసుకొని కూర్చుంది. తక్కిన ఫోన్లు తామెక్కడున్నదీ పక్కనున్న టవర్లను, ఇండ్లలోని వైఫైలను అడిగి తెలుసుకుంటాయి. ఈ ఫోను ఎవరినీ అడగదు, నేరుగా ఆకాశంలోని ఉపగ్రహాలనే అడుగుతుంది. ఇరుగుపొరుగుతో మాట్లాడని మనిషికి కబుర్లు ఆలస్యంగా తెలిసినట్టే దీనికీ ఆలస్యం. మొదట గడియారం చూసింది. ఛార్జింగు అయిపోయిన ప్రతిసారీ ఫోను తారీఖు వెనక్కి పోయి, సింధుజ పుట్టకముందటి జనవరిలో ఆగుతున్నది. ఆ రోజున ఏ ఉపగ్రహం ఎక్కడుందో వెతుక్కుంటుంటే ఇవాళటివి ఏం దొరుకుతాయి? గడియారం తనంతట తాను సర్దుకునేట్టు రాసింది. ఏ ఉపగ్రహం ఏ వేళకు ఎటు ఉంటుందో తెలిపే సమాచారాన్ని పొద్దున్నే నెట్ నుంచి దించుకొని, వెతకడం మొదలుపెట్టకముందే ఫోనుకు అప్పజెప్పేట్టు చేసింది. వాకిట్లో పెట్టి చూస్తే చుక్క వెంటనే పడింది.

అంజిలయ్య చేతికిస్తే మళ్లీ మాయం.

సింధుజకు పిచ్చెక్కినట్టయింది. మర్నాడు పొద్దున నాయన బయలుదేరుతుంటే కండ్లు ఆర్పకుండా చూసింది. ఆయన ఫోనును దస్తీలో చుట్టాడు. స్టీలు టిఫిన్ డబ్బా తెరిచి, జొన్నరొట్టెల కింద, ఎల్లిపాయ కారం పక్కన పెట్టాడు. మూత బిగించి, పైన గొంగడి చుట్టాడు.

"నాయనా! గిదేంది?"

"సూక్ష్మమైన ఫోన్ అంటివి గద. దెబ్బ తాకకుండ పెడుతున్న. మా నాయన చుట్టలు, అగ్గిపెట్టె గూడ గిట్లనే పెట్టుకుంటుండె."

"డబ్బాల పెడితే దానికి ఆకాశం ఎట్ల కనబడ్తది?"

"నేను రొట్టె తినేటప్పుడు మూత తీస్త గద. అప్పుడు చూసుకోమను."

చుక్క రోజూ ఆయన బువ్వ తిన్న చోటే పడటానికి కారణం అప్పుడు తెలిసింది. సింధుజ ఆయన్ను అక్కడే నిలబెట్టి, గొంగడి భుజం మీద ఒక జేబు కుట్టి, ఫోను అందులో పెట్టింది. బీరమ్మ చూస్తూ నిలబడింది.

"పనిల పని, గా నీడను గూడ జర చూడరాదు బిడ్డా? వాకిలి ఊడ్వనిస్తలేదు."

"దాన్ని ముట్టకున్రి" అన్నాడు అంజిలయ్య. "దెబ్బ నాకొక్కనికే తాకలె. దానికీ తాకింది. తేరుకోనియ్యున్రి."

అని గొర్లను అదిలించుకుంటూ పోయాడు. సింధుజ తాండూరు బస్సెక్కింది. నీడ వాకిట్లోనే ఉంది.

ఎండ ముదిరాక శ్యామల ఫోను చేసింది.

"అమ్మో సింధూ, ఏం జేసినవే! మస్తుగ పనిజేస్తున్నది. మీ నాయన ఒక్కడుగేస్తే చుక్క గూడ ఒక్కడుగేస్తున్నది. ఊరంత చూసిన్రు. మీ మల్లేశ్ చిన్నాయన అయితే, నా బిడ్డ ఎంత తెలివిగల్లది అని మెచ్చుకున్నడు."

"ఇప్పుడు యాడున్నడు చిన్నాయన?"

"గిప్పుడే గొడ్డలి తీస్కొని గనికి పోయిండు. పరమేశ్ గూడ పోయిండు."

సింధుజ నాయనకు ఫోను చేసింది. మోగింది, ఆయన ఎత్తలేదు. గొర్లు నీళ్లు తాగుతున్నప్పుడు ఫోన్ మాట్లాడితే అవి బెదురుతాయని ఆయన నమ్మకం. ఆమె కంప్యూటరు ముందుకు ఉరికింది. ఇక్కడి నుంచి ఒక్క మాట టైపు చేస్తే అక్కడ చుక్క ఆరిపోతుంది. వేళ్లు మీటల మీద పెట్టింది.

"ఆర్పకు" అన్నాడు యోబు. "వాళ్లు చూసినంత చూసిన్రు. ఆర్పితే ఇగ చూడలేనిది నువ్వొక్కదానివే."

ఆమె ఆర్పలేదు. యోబు దుకాణం తెరిచిపెట్టి స్కూటీ తీశాడు. బషీరాబాద్ దారిలో సిమెంటు లారీల మధ్య నుంచి పోతుంటే ఆమె వెనక కూర్చొని తన ఫోన్లో చుక్కనే చూస్తున్నది. చుక్క గని ఆవలి చివరన, నీళ్ల గడ్డన ఉంది. జర ఇటు కదిలింది, జర అటు కదిలింది. కదిలినంతసేపు ఊపిరి తీసుకుంది. ఆగినప్పుడల్లా యోబు భుజాన్ని గోళ్లతో గుచ్చింది.

గని దగ్గర మల్లేశ్వర్ ఏళ్లుగా ఎదురుచూసిన సుదినం వచ్చింది. అన్న కింద నీళ్ల గడ్డన ఒంటరిగా ఉన్నాడు. ఎక్కాలంటే గోడ కింది బాట నుంచే రావాలి. పరమేశ్‌ను ఇంకో గొడ్డలితో బాట మొదట్లో తుమ్మపొద వెనక కూర్చోబెట్టి, మల్లేశ్వర్ గోడ పైకి వచ్చాడు. చప్పుడు కావొద్దని చెప్పులు విడిచాడు. గొడ్డలి పక్కన పెట్టి, ఒడ్డున పడి ఉన్న కోత రాయిని, వంటింటి గచ్చు పలక అంతదాన్ని, రెండు చేతులా నెత్తిమీదికి ఎత్తాడు. అన్న కిందికి రాగానే వదలాలని ఆయన లెక్క.

నడివేసవి నాపరాయి పెనం లాంటిది. రాయి ఎత్తుకొని నిలబడితే అరికాళ్లు కాలిపోతున్నాయి. ఎక్కడా చెట్టు లేదు. గోడ అంచున మాత్రం పొడుగ్గా ఒక నీడ పడి ఉంది. పొద్దున అంజిలయ్య అక్కడ నిలబడి కిందికి చూసి, చుట్ట కాల్చుకొని పోయాడు. ఆలస్యంగా బయలుదేరిన ఆయన నీడ ఇప్పుడు వచ్చి అక్కడ ఆగింది.

అది ఎవరి నీడో మల్లేశ్వర్‌కు తెలియక కాదు. ఊళ్లో పాలుతాగే పిల్లలకూ తెలుసు. కాలుతున్న కాలికి అవన్నీ గుర్తుండవు. ఆయన వెళ్లి దాని మీద నిలబడ్డాడు. అరికాళ్లకు చల్లగా తగిలి ఉంటుంది.

కింద అంజిలయ్య గొర్లకు ఈల వేసి బాట వైపు తిరిగాడు. మల్లేశ్వర్ చేతులు బిగించాడు. పైన నీడకు చుట్ట కాల్చుకోవడం అయిపోయింది. లేచింది.

ముందు మల్లేశ్వర్ పడ్డాడు, ఆయన వెనక రాయి పడింది. ఈ వరుస తిరగబడి ఉంటే కాళ్లు విరిగినా బతికేవాడని తర్వాత వచ్చి చూసినవాళ్లు అన్నారు. తల ఉండాల్సిన చోట రాయి ఉంది. దాని కింద నుంచి గడ్డం ఒక్కటే బయటకు కనబడుతున్నది, ఇక గీయించాల్సిన పని లేకుండా.

పొద వెనకున్న పరమేశ్‌కు చప్పుడొక్కటే వినబడింది. ఉరికొచ్చి చూసి, గొంతు చీలేట్టు అరిచి, అంజిలయ్య మీద పడ్డాడు. "నూకేసినవు గదరా మా నాయనను!" అంజిలయ్య దోటి అడ్డం పెట్టాడు, గొడ్డలి దాన్ని నరికి ఆయన ముంజేతిలో దిగింది. గొర్లు బెదిరి రక్తం తొక్కుకుంటూ నీళ్లలోకి దూకాయి. సింధుజ, యోబు వచ్చేసరికి పరమేశ్ రెండో దెబ్బ ఎత్తి ఉన్నాడు. యోబు మధ్యలో దూరాడు. గొడ్డలి కామ తగిలి టంకం పెట్టే చెయ్యి విరిగింది. పక్క గనిలో రాయి కొట్టేవాళ్లు నలుగురు ఉరికొచ్చి పరమేశ్‌ను తాళ్లతో కట్టేశారు. సింధుజ చున్నీ చింపి, శ్యామల ఫోను చేసిన కాడి నుంచి అంతా చెప్పుకుంటూ, నాయన చేతికి కట్టు కట్టింది.

"చుక్క ఎందుకు ఆర్పలేదు బిడ్డా?" అని అడిగాడు అంజిలయ్య.

ఆమె తలెత్తి పైకి చూసింది. చిన్నాయన చెప్పులు గోడ పైన పక్కపక్కనే ఉన్నాయి. వాటినే చూస్తున్నది.

ఠాణా నుంచి ఎస్సై వచ్చాడు. అంజిలయ్యే పై నుంచి నూకాడని పరమేశ్ చెప్పాడు. సింధుజ పటం చూపించింది. మల్లేశ్వర్ పడిన వేళకు ముందూ వెనకా అంజిలయ్య అడుగడుగుకూ చుక్క పడి ఉంది. గోడ పైన ఉన్నవి పొద్దటివి, ఆ వేళవన్నీ ఆవలి నీళ్ల గడ్డన. ఎస్సై చుక్కల వెంట తానే నడిచి చూశాడు. వారం ముందైతే ఆ ఫోను అంజిలయ్య ఇంట్లో ఉన్నాడని చెప్పేది, ఎస్సై దాన్ని నీళ్లలో పారేసేవాడు.

"మరి పైన ఎవరున్నరు?" అని అడిగాడు.

"ఎవ్వరు లేరు సార్" అంది ఊరంతా. మా ఊరు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. అబద్ధం కూడా కాదు.

పోలీసుకు పటం చాలింది, పరమేశ్‌కు చాలలేదు. బెయిలు మీద బయటికి వచ్చిన పొద్దున్నే, నాయన దినాలు కాకముందే, తల గొరిగించుకొని, కొత్త కామ వేసిన గొడ్డలితో అంజిలయ్య వాకిట్లోకి వచ్చాడు. అంజిలయ్య చేతికి కుట్లతో అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఆయన లేవలేదు. సింధుజ లోపలి నుంచి ఉరికొచ్చి నాయన ముందర నిలబడింది.

"పక్కకు జరుగు సింధక్కా" అన్నాడు పరమేశ్. "నీతోని నాకు పని లేదు."

"జరగ. ఫోన్ బాగుజేసింది నేను. మీ నాయనకు జాగ చూపించింది నేను. కొడితే నన్ను కొట్టు."

పరమేశ్ ఒక అడుగు ముందుకేశాడు. వేసిన అడుగు గాలిలోనే ఆపాడు. కింద అంజిలయ్య నీడ పండుకొని ఉంది. దాని రొమ్ము మీద తెల్లటి రాతి దుమ్ముతో రెండు పాదాల గుర్తులు ఉన్నాయి. బీరమ్మ ఆ రోజు నుంచి నీళ్లు పోసి రుద్దుతున్నా పోనివి. పక్కపక్కన, తడబాటు లేకుండా, కుదురుగా నిలబడిన పాదాలు. కుడి పాదానికి బొటనవేలు లేదు.

ఎవరో నూకితే పాదాలు అట్ల ఉండవు. తనంతట తాను వచ్చి, రెండు కాళ్లూ ఆనించి, ఒక పని కోసం నిలబడిన మనిషి పాదాలవి. ఆ పని ఏమిటో పరమేశ్‌కు తెలుసు. తానే పొద వెనక కూర్చొని ఉన్నాడు.

గొడ్డలి ఎక్కడ పెట్టాడో చూసుకోకుండా పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. చితి మీద పెట్టేటప్పుడు పోలీసులు తొందర పెట్టడంతో తన నాయన కాళ్లు మొక్కలేదు. ఇప్పుడు రెండు చేతులూ ఆ గుర్తుల మీద పెట్టి, నొసలు ఆనించి, అట్లనే ఉండిపోయాడు. అంజిలయ్య అరుగు మీద నుంచి చూస్తూ కూర్చున్నాడు. శ్యామల గోడ మీద నుంచి చూసింది. ఆమె పన్ను సందుకు ఆ రోజు సెలవు.

ఎండ ఎక్కింది. నీడ రోజూ లేచే వేళ అయింది, దాటింది. అది లేవలేదు.

బీరమ్మ చీపురు పట్టుకొని వచ్చి, ఇద్దరినీ ఒకసారి చూసి, వాళ్ల చుట్టూ జాగా వదిలేసి, మిగతా వాకిలి ఊడ్చింది.